రోవర్ మీద పరికరం ఎక్కాలంటే: బరువు, కరెంటు, డబ్బు ఎక్కడ సరిపోవు, ఎందుకు సరిపోవు

ప్రశ్న ఇది: చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్‌కి రెండే శాస్త్రీయ పరికరాలు, అంగారకుడి మీది నాసా రోవర్ క్యూరియాసిటీకి పది. ఈ తేడా డబ్బు వల్లేనా? పరికరాలని ఎవరు ఎంపిక చేస్తారు, ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో తయారైన చిన్న లిబ్స్ స్పెక్ట్రోమీటర్ (లేజర్‌తో మట్టిని కొట్టి, వచ్చే వెలుగుని బట్టి మూలకాలు చెప్పేది) ఎప్పటికైనా ఒక రోవర్ ఎక్కే దారి ఉందా?

మూడింటికీ కలిపే జవాబు రాస్తున్నాను, ఎందుకంటే ఒకదాని జవాబులోంచే ఇంకొకటి వస్తుంది. పరికరం తయారీకి అయ్యే ఖర్చు మొత్తంలో చిన్న భాగం. అది రోవర్‌కి హాని చేయదని, అక్కడికి వెళ్లాక పనిచేస్తుందని, అది ఇచ్చే అంకెని నమ్మొచ్చని నిరూపించడానికి అయ్యే ఖర్చే పెద్దది. ప్రతిపాదన రాసేవాళ్లు ఎక్కువమంది మొదటిదానికే లెక్క వేస్తారు. రెండోదానికి డబ్బూ సమయమూ అడగని ప్రతిపాదన ఎంత మంచి సైన్స్ చెప్పినా కమిటీలో నిలబడదు.

ముందు అంకెలు చూద్దాం. ప్రజ్ఞాన్ 26 కిలోలు. సోలార్ ప్యానెల్ నుంచి వచ్చేది 50 వాట్లు. పని చేయడానికి ఉన్న వ్యవధి చంద్రుడి మీద ఒక పగలు, మన లెక్కలో 14 రోజులు. ఆ 50 వాట్లలోనే ఆరు చక్రాలు తిరగాలి, కెమెరాలు, కంప్యూటర్, విక్రమ్ ల్యాండర్‌తో మాట్లాడే రేడియో నడవాలి. ఇవన్నీ పోగా మిగిలిన చోటులో రెండు చిన్న పరికరాలు పట్టాయి: అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ చేసిన ఏపీఎక్స్ఎస్ (ఎక్స్ కిరణాలతో మూలకాలు చెప్పేది), బెంగళూరులోని ఇస్రో ల్యాబ్ లియోస్ చేసిన లిబ్స్. క్యూరియాసిటీ 899 కిలోలు. 4.8 కిలోల ప్లూటోనియం డయాక్సైడ్ వేడితో నడిచే దాని జనరేటర్ మొదట్లో ఇచ్చింది సుమారు 110 వాట్లు. చూడటానికి ప్రజ్ఞాన్ కరెంటుకి రెట్టింపే. కానీ అది రాత్రీ పగలూ ఆగకుండా వస్తుంది, బ్యాటరీలు నింపుతుంది, మిగులు వేడి గొట్టాల్లో తిరిగి రోవర్ లోపలి భాగాలని వెచ్చగా ఉంచుతుంది. అందుకే దాని మీద 75 కిలోల పరికరాలు పట్టాయి. అందులో శామ్ అనే, మట్టిపొడిని వేడిచేసి వచ్చే వాయువులని విశ్లేషించే ఒక్క పరికరమే 40 కిలోలు, అంటే ప్రజ్ఞాన్ మొత్తం కన్నా బరువు.

కాబట్టి రెండు రోవర్ల మధ్య అసలు తేడా రాత్రిని తట్టుకోగలగడం. ప్రజ్ఞాన్‌ని 2023 సెప్టెంబర్ 2న నిద్రపుచ్చారు. సెప్టెంబర్ 22 ప్రాంతంలో మళ్లీ ఎండ వచ్చింది, సంకేతం రాలేదు. చంద్రుడి రాత్రిలో ఉష్ణోగ్రత మైనస్ 200 డిగ్రీల దాకా పడిపోతుంది. బ్యాటరీ, సోల్డర్ జాయింట్లు, కనెక్టర్లు అంత చలికి తయారైనవి కావు, ఆ రోవర్ ఒక్క పగటికే డిజైన్ అయింది కూడా. రేడియో ఐసోటోప్ హీటర్, అంటే రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే వేడిని వాడేది, పెట్టి ఉంటే ఆశ ఉండేది. చంద్రయాన్-3 ప్రొపల్షన్ మాడ్యూల్‌లో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) తయారు చేసిన ఒక్కో వాట్ హీటర్లు రెండు పరీక్ష కోసం వెళ్లాయి, రోవర్‌లో లేవు. అలాంటి హీటర్ పెడితే ప్రయోగ వేదిక దగ్గర రేడియోధార్మిక భద్రత అనుమతులు, అదనపు బరువు, వేడిని పంచే ఏర్పాటు అన్నీ వెంట వస్తాయి. 26 కిలోల రోవర్‌లో ఇది చిన్న నిర్ణయం కాదు.

ఇక పరికరాల సంగతి. రెండే ఉన్నా ప్రజ్ఞాన్ జోడీని చాలా తెలివిగా ఎంచారు, దీని మీద కాస్త ఆగుతాను. ఏపీఎక్స్ఎస్‌లో క్యూరియం-244 మూలకం ఉంటుంది. దాని నుంచి వచ్చే ఆల్ఫా కణాలు, ఎక్స్ కిరణాలు మట్టిని తాకితే ప్రతి మూలకమూ తనదైన శక్తితో ఎక్స్ కిరణాలు వదులుతుంది, సిలికాన్ డ్రిఫ్ట్ డిటెక్టర్ వాటిని లెక్కపెడుతుంది. సోడియం నుంచి పైకి ముఖ్య మూలకాల శాతాలు బాగా వస్తాయి. లోపం ఏమిటంటే సమయం పడుతుంది. డిటెక్టర్ తలని మట్టికి దగ్గరగా దించి, రోవర్‌ని కదలకుండా నిలిపి, పదుల నిమిషాల నుంచి గంటల దాకా లెక్కపెట్టాలి. సోడియం కన్నా తేలికైన హైడ్రోజన్, కార్బన్, ఆక్సిజన్ లాంటివి నేరుగా కనబడవు. లిబ్స్ దీనికి సరిగ్గా ఎదురు దిక్కు. 1064 నానోమీటర్ల లేజర్ పల్స్ కొన్ని మిల్లీజౌళ్లతో సుమారు 20 సెంటీమీటర్ల దూరం నుంచి మట్టిని తాకుతుంది, ఆ చుక్క ప్లాస్మాగా మారుతుంది, ఆ వెలుగుని స్పెక్ట్రోమీటర్ విడదీస్తుంది. సెకన్లలో పని అయిపోతుంది, తేలిక మూలకాలు కూడా కనబడతాయి. కానీ శాతాలు తేల్చడం కష్టం. 2023 ఆగస్టు 28న గంధకం ఉందని మొదట చెప్పింది లిబ్స్, తర్వాత దాన్ని బలపరిచింది ఏపీఎక్స్ఎస్. 100 మీటర్ల చిన్న ప్రయాణంలో ఏపీఎక్స్ఎస్ 23 చోట్ల కొలిచింది. ఆ మట్టి కూర్పు ఫెర్రోన్ అనార్థోసైట్ అనే, చంద్రుడి ఎత్తైన ప్రాంతాల్లో ఉండే లేత రంగు రాయి తరహాదని, చంద్రుడు ఒకప్పుడు కరిగిన శిలాద్రవ సముద్రమనే సిద్ధాంతానికి సరిపోతుందని 2024 ఆగస్టులో నేచర్‌లో వచ్చిన పరిశోధన పత్రం చెప్పింది. రెండు పరికరాలు ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తూ ఒకే ప్రశ్నకి జవాబిస్తే, పది పరికరాలు ఎవరి దారిన వాళ్లు కొలిచిన దానికన్నా విలువ ఎక్కువ. ఎంపిక కమిటీ మొదట చూసేది కూడా ఇదే: మీ పరికరం ఏ శాస్త్రీయ ప్రశ్నకి, ఏ కొలతతో, ఎంత కచ్చితత్వంతో జవాబు చెబుతుంది, పక్క పరికరం చెప్పలేనిది ఏమిటి. దీన్ని ఒక పట్టికగా రాయాలి. ఎడమ నుంచి కుడికి ప్రశ్న, కొలవాల్సిన రాశి, కావాల్సిన కచ్చితత్వం, పరికరం ఇవ్వగలిగింది, రోవర్ నుంచి కావాల్సింది. ఈ చివరి గడి ఖాళీగా ఉన్న ప్రతిపాదనలే ఎక్కువ.

మీ చేతిలో ఉన్నది లిబ్స్ కాబట్టి దాని చిక్కులే ముందు. ల్యాబ్ బల్ల మీద, మామూలు గాలి ఒత్తిడిలో వచ్చిన స్పెక్ట్రమ్‌ని చూపించి చంద్రుడి మీద కూడా ఇలాగే వస్తుందంటే ఎవరూ ఒప్పుకోరు. అంగారకుడి మీద గాలి ఒత్తిడి సుమారు 7 మిల్లీబార్లు. లిబ్స్ ప్లాస్మాకి అది చక్కగా సరిపోయే ఒత్తిడి. మరీ నలిగిపోదు, మరీ చెదిరిపోదు. అందుకే క్యూరియాసిటీ మీది లిబ్స్ పరికరం కెమ్‌క్యామ్ 7 మీటర్ల దూరం దాకా రాళ్లని కొట్టగలుగుతోంది. చంద్రుడి మీద శూన్యం. ప్లాస్మా వెంటనే విచ్చిపోతుంది, వెలుగు తగ్గుతుంది, కాబట్టి దగ్గరికి వెళ్లాలి. దగ్గరికి వెళ్తే ఇంకో చిక్కు. స్థిర ఫోకస్ పెట్టారనుకోండి, చక్రం మెత్తటి మట్టిలో ఒక సెంటీమీటర్ దిగినా, రోవర్ వాలులో నిలబడినా దూరం మారి చుక్క పెద్దదవుతుంది, శక్తి సాంద్రత పడిపోతుంది, ప్లాస్మా పుట్టదు. కాబట్టి ఏ దూరాల మధ్య పనిచేస్తుందో కొలిచి, గ్రాఫ్‌తో సహా చూపించాలి.

రెండోది ధూళి. కెమ్‌క్యామ్ ఒక చోట మామూలుగా 30 షాట్లు కొడుతుంది. మొదటి అయిదు పైనున్న ధూళిని ఊడ్చడానికే పోతాయి, వాటిని రాయి కూర్పు లెక్కలోంచి తీసేస్తారు. మీ లేజర్ జీవితకాలం ఇన్ని షాట్లు అని రాసేటప్పుడు ఇది కూడా కలపాలి. మూడోది హై వోల్టేజ్. లేజర్‌ని పల్స్ చేసే కొన్ని రకాల స్విచ్‌లకి కిలోవోల్ట్‌లు కావాలి. పూర్తి శూన్యంలో అది నిలబడుతుంది, భూమి మీద గాలిలోనూ నిలబడుతుంది. మధ్యలో కొన్ని మిల్లీబార్ల దగ్గర గాలిలోంచే కరెంటు దూకి బోర్డు కాలిపోతుంది. అంగారకుడి ఒత్తిడి సరిగ్గా ఆ ప్రమాదకరమైన పట్టీలోనే ఉంది. చంద్రుడికి వెళ్లే పరికరమైనా రాకెట్ పైకి లేస్తున్నప్పుడు ఆ పట్టీ దాటే వెళ్లాలి, అప్పుడు హై వోల్టేజ్ ఆఫ్‌లో ఉండాలి, పెట్టెలో గాలి బయటికి పోయే రంధ్రాలు ఉండాలి.

నాలుగోది జిగురు. లెన్సుల్ని అతికించిన జిగురు, కేబుల్ తొడుగు, పెయింట్ శూన్యంలో ఆవిరి వదులుతాయి. ఆ ఆవిరి వెళ్లి చల్లగా ఉన్న చోట, అంటే సరిగ్గా డిటెక్టర్ మీద, లెన్స్ మీద పేరుకుంటుంది. ప్రామాణిక పరీక్షలో పదార్థాన్ని 125 డిగ్రీల దగ్గర 24 గంటలు శూన్యంలో ఉంచుతారు. మొత్తం బరువు నష్టం 1 శాతం లోపు, పేరుకునే భాగం 0.1 శాతం లోపు ఉండాలి. పక్క కెమెరా మీ జిగురు వల్ల మసకబారితే నష్టపోయేది మీరొక్కరే కాదు, అందుకే ఈ విషయంలో ప్రాజెక్ట్ ఆఫీసు రాజీ పడదు. స్వచ్ఛమైన తగరం పూత ఉన్న భాగాల నుంచి సన్నటి లోహపు మీసాలు మొలిచి షార్ట్ అవుతాయి, కాబట్టి బజారులో దొరికే చవక కనెక్టర్లు, సీసం లేని సోల్డర్ ముందే పక్కన పెట్టండి.

అన్నీ పరీక్షించాక కూడా చెడేవి చెడతాయి. క్యూరియాసిటీ దిగేటప్పుడు రాకెట్ల గాలికి లేచిన గులకరాళ్లు గాలివేగం కొలిచే సెన్సర్ బోర్డులని దెబ్బతీశాయని అంచనా. ఆ తర్వాత అంగారకుడికి వెళ్లిన నాసా రోవర్ పర్సీవరెన్స్ గాలి సెన్సర్ కూడా రాళ్ల దెబ్బలే తింది. గాలివేగం కొలవాలంటే సెన్సర్ బయటికి ఉండాల్సిందే, దాచే వీల్లేదు. కెమ్‌క్యామ్ ఫోకస్ కోసం వాడే చిన్న లేజర్ 2014లో పోయింది. పెద్ద లేజర్ బాగానే ఉంది, గురి మాత్రం కుదరలేదు. తొమ్మిది ఫోకస్‌లతో కొట్టి మంచి దాన్ని ఎంచుకుంటూ కొన్నాళ్లు నెట్టుకొచ్చి, 2015లో కెమెరా బొమ్మ స్పష్టతని చూసి ఫోకస్ చేసే సాఫ్ట్‌వేర్ పంపారు. శామ్‌లో 74 చిన్న గిన్నెలు ఉన్నాయి, వాటిలో తొమ్మిదింటిలో రసాయన ద్రావకాలు. ఒక ద్రావకం ఆవిరి లీకై పరికరం లోపల వ్యాపించింది. అంగారకుడి మట్టిలో కర్బన పదార్థం దొరికినప్పుడల్లా ఇది మనం తెచ్చుకున్నదా, అక్కడిదా అని విడదీయడానికి ఏళ్ల పని పట్టింది. 2016 డిసెంబర్‌లో డ్రిల్‌ని ముందుకి నెట్టే యంత్రాంగం మొరాయించింది. దాంతో మట్టిపొడి అందుకునే శామ్, ఖనిజాలని గుర్తించే కెమిన్ రెండూ కొత్త నమూనాల్లేక ఎదురుచూశాయి. డ్రిల్‌ని ముందుకి చాపి ఉంచి, చేయి బలంతోనే నొక్కే పద్ధతి కుదిరి 2018 మేలో మళ్లీ తవ్వారు. పర్సీవరెన్స్‌లో షెర్లాక్ అనే పరికరం లెన్స్ ముందున్న ధూళి మూత 2024 జనవరిలో ఇరుక్కుపోయింది. దాన్ని వేడిచేసి, అటూ ఇటూ కదిలించి, చివరికి మూత తెరిచి ఉన్న స్థితిలోనే పని చేయించేసరికి జూన్ వచ్చింది. గమనించండి: వీటిలో చాలావరకు చెడింది సున్నితమైన డిటెక్టర్ కాదు. మూత, ఫోకస్, సీలు, మోటారు లాంటి సహాయక భాగాలు. ప్రతిపాదనలో నలభై పేజీలు డిటెక్టర్ గురించి రాసి మూత గురించి ఒక్క వాక్యం రాసేవాళ్లు ఈ చరిత్ర చూడాలి.

ఇప్పుడు డబ్బు. అమెరికాలో పద్ధతి బాగా విడమరచి ఉంటుంది కాబట్టి దాన్నుంచి మొదలుపెడతాను. ఆలోచన దశలో ఉన్న పరికరానికి పికాసో అనే నిధి, ల్యాబ్‌లో పనిచేసినదాన్ని అంతరిక్షానికి దగ్గర చేయడానికి మటీస్ అనే నిధి, చంద్రుడి పరికరాలకి డాలీ అనే నిధి ఉన్నాయి. వీటిలో పండిన పరికరం తర్వాత మిషన్ ప్రకటనకి పోటీ పడుతుంది. పర్సీవరెన్స్‌కి 58 ప్రతిపాదనలు వచ్చాయి, 2014 జూలై 31న ఏడు ఎంపికయ్యాయి, వాటి అభివృద్ధికి సుమారు 13 కోట్ల డాలర్లు అని ప్రకటించారు. అంటే ఎనిమిదింటిలో ఒకటి. ఆ ఏడింటిలో కూడా కొన్నింటి ఖర్చు వేరే దేశాలు పెట్టుకున్నాయి. వాతావరణ పరికరం స్పెయిన్‌ది, నేల లోపల చూసే రాడార్ నార్వేది, కెమ్‌క్యామ్ తరహా లేజర్ పరికరం సూపర్‌క్యామ్ పైభాగం ఫ్రాన్స్‌ది. డబ్బు చేతులు మారదు, ఎవరి పరికరానికి వాళ్ల ప్రభుత్వమే ఖర్చు పెడుతుంది, బదులుగా వాళ్ల శాస్త్రవేత్తలు మిషన్ జట్టులో ఉంటారు. క్యూరియాసిటీ ఏపీఎక్స్ఎస్ కెనడా ఇచ్చింది, న్యూట్రాన్ పరికరం రష్యా ఇచ్చింది. చిన్న దేశాలు పెద్ద రోవర్ ఎక్కే దారి ఇదే.

ఈ దారిలో ముప్పు కూడా ఉంది. యూరప్ వాళ్ల రోజలిండ్ ఫ్రాంక్లిన్ రోవర్ 2022లో బయల్దేరాల్సింది. యుక్రెయిన్ యుద్ధంతో రష్యాతో సహకారం ఆగింది. రోవర్ సిద్ధంగా ఉన్నా దాన్ని దించే వేదిక రష్యాది. మళ్లీ నిధులు, కొత్త ల్యాండర్, రష్యా పరికరాల్లో ఒకదాని స్థానంలో ఎన్‌ఫిస్ అనే బ్రిటిష్ పరికరం. ప్రయోగం 2028కి వాయిదా పడింది. భాగస్వామి ఇచ్చేది ఉచితమే, కానీ అది రాకపోతే అయ్యే ఖర్చు మీదే.

నాసా పెద్ద ప్రాజెక్టులకి ఒక గట్టి మెట్టు ఉంది. ప్రాథమిక డిజైన్ అయ్యాక ఖర్చు, గడువు రెండూ కలిపి 70 శాతం నమ్మకంతో అంచనా వేసి, అంత మొత్తానికి మాట ఇస్తారు. అభివృద్ధి ఖర్చు ఆ మాట కన్నా 15 శాతం పెరిగితే కాంగ్రెస్‌కి చెప్పాలి. 30 శాతం దాటితే కాంగ్రెస్ మళ్లీ అనుమతించాలి. ఈ నియమం అర్థమైతే పరికరాలు ఎందుకు కత్తిరింపుకి గురవుతాయో అర్థమవుతుంది. క్యూరియాసిటీ అంచనా సుమారు 160 కోట్ల డాలర్లతో మొదలై 250 కోట్ల దగ్గర ముగిసింది. పెరుగుదలలో పెద్ద ముక్క పరికరాలది కాదు. పొడి లూబ్రికెంట్‌తో నడవాల్సిన మోటారు గేర్లు ఆ చలిలో కావలసినంత కాలం మన్నవని తేలి డిజైన్ మార్చారు, సమయానికి రాలేదు. 2009 ప్రయోగం 2011కి పోయింది. అంగారకుడికి దారి 26 నెలలకొకసారే తెరుచుకుంటుంది, ఒక నెల ఆలస్యమైనా రెండేళ్ల జీతాలు కట్టాలి. ఆ ఒక్క వాయిదా ఖరీదే సుమారు 40 కోట్ల డాలర్లు. కానీ ఒత్తిడి పరికరాల మీద పడింది. 2007లో కెమ్‌క్యామ్ నిధులు ఆపారు, తర్వాత సర్దుబాట్లతో నిలబడింది. దిగేటప్పుడు వీడియో తీసే మార్డీ కెమెరాని కూడా తీసేస్తామన్నారు, తయారీ సంస్థ ఖర్చు తానే భరిస్తానంటే ఉంచారు. ప్రధాన కెమెరాల జూమ్ లెన్సులు మాత్రం తిరిగి రాలేదు. రోవర్ చక్రాన్ని తీసేయలేరు, పరికరాన్ని తీసేయొచ్చు. అందుకే ఎక్కడ ఖర్చు పెరిగినా కత్తిరింపు పరికరం దగ్గరికి వస్తుంది. నా ఉద్దేశంలో ఇది చాలా నష్టదాయకమైన పొదుపు. పరికరాల కోసమే కదా ఆ చక్రాలు తిరిగేది.

పరికరమే మిషన్‌ని ఆపిన సందర్భమూ ఉంది. నాసా ఇన్‌సైట్ రోవర్ కాదు, అంగారకుడి మీద ఒకేచోట నిలబడి ఉండే ల్యాండర్, అయినా పాఠం ఒకటే. దాని భూకంప మాపకం ఉండే శూన్యపు గోళంలో సన్నటి లీకులు. సరిచేస్తే ఇంకో చోట లీకు. 2015 డిసెంబర్‌లో ప్రయోగం ఆపి, 2018 మేకి మార్చారు. అమెరికా వైపు అదనపు ఖర్చు 15.38 కోట్ల డాలర్లు.

ఇటీవలి ఉదాహరణ నాసా వైపర్. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర మంచు వెతికే రోవర్, మీటరు లోతు తవ్వే డ్రిల్, మూడు స్పెక్ట్రోమీటర్లు. అందులో ఎంసోలో అనే మాస్ స్పెక్ట్రోమీటర్ పరిశ్రమల్లో వాడే మామూలు పరికరాన్నే గట్టిపరిచి చేసింది. కాలేజీ జట్లు దీన్ని చదవాలి. మాట ఇచ్చిన ఖర్చు 43.35 కోట్ల డాలర్లు. విడిభాగాల సరఫరా ఆలస్యాలతో, వాయిదాలతో అంచనా 60.96 కోట్లకి చేరింది. 30 శాతం గీత దాటింది. 2024 జూలై 17న, రోవర్ పూర్తిగా బిగించి పరీక్షల్లో ఉండగా, దాదాపు 45 కోట్లు ఖర్చయ్యాక, ఇంకో 8.4 కోట్లు మిగులుతాయని రద్దు ప్రకటించారు. శాస్త్రవేత్తలు గట్టిగా అభ్యంతరం చెప్పారు. రోవర్‌ని విడగొట్టలేదు, వాతావరణ పరీక్షలు పూర్తిచేశారు. 2025 సెప్టెంబర్‌లో బ్లూ ఆరిజిన్ ల్యాండర్ మీద 2027 చివర్లో పంపేలా, 19 కోట్ల డాలర్ల దాకా విలువైన ఒప్పందం కుదిరింది. పరీక్షలు పూర్తిచేసి ఉంచడమే దాన్ని కాపాడిందని నా నమ్మకం. సగం పరీక్షించిన రోవర్‌ని తీసుకెళ్లడానికి ఎవరు ముందుకొస్తారు?

మన దగ్గర. చంద్రయాన్-3కి చెప్పిన ఖర్చు సుమారు 615 కోట్ల రూపాయలు, అందులో ల్యాండర్, రోవర్, ప్రొపల్షన్ మాడ్యూల్ కలిపి 250 కోట్లు, ప్రయోగానికి 365 కోట్లు. దీన్ని క్యూరియాసిటీ 250 కోట్ల డాలర్లతో పోల్చి మురిసిపోయే సందేశాలు తిరుగుతుంటాయి. ఆ పోలిక నిలబడదు. ఒకటి 14 రోజులకి చేసిన 26 కిలోల రోవర్, చంద్రయాన్-2 డిజైన్, అప్పటి ఆర్బిటర్, అప్పటి పరికరాల అనుభవం మీద కట్టింది. ఇంకోటి ఏళ్ల తరబడి నడవడానికి కట్టిన దాదాపు టన్ను బరువు ప్రయోగశాల. తక్కువలో చేయడం మన జట్ల గొప్పతనమే. కానీ ఆ అంకె చూపించి తర్వాతి మిషన్‌కీ అంతే చాలంటే నష్టపోయేది పరికరాలే. నమూనాలు తెచ్చే చంద్రయాన్-4కి 2024 సెప్టెంబర్‌లో కేబినెట్ 2,104.06 కోట్లు ఇచ్చింది. జపాన్‌తో కలిసి చేసే చంద్రయాన్-5లో రోవర్ 250 కిలోలని ఇస్రో చైర్మన్ నారాయణన్ 2025లో చెప్పారు. పదింతల రోవర్ అంటే పరికరాలకి పదింతల చోటు కాదు, అంతకన్నా ఎక్కువ, ఎందుకంటే కంప్యూటర్, రేడియో లాంటివి పదింతలు కావు.

ఇస్రోలో ప్రజ్ఞాన్ పరికరాలు రెండూ అంతరిక్ష శాఖ ల్యాబ్‌ల నుంచే వచ్చాయి. బయటి కాలేజీ నేరుగా రోవర్ మీద పరికరం పెట్టిన ఉదాహరణ మన దగ్గర ఇంకా లేదు. కాబట్టి ముఖ్య పరిశోధకులుగా దరఖాస్తు చేయడం కన్నా, అలాంటి ల్యాబ్‌కి సహ పరిశోధకులుగా, ఒక ఉపవ్యవస్థ లేదా కాలిబ్రేషన్ (కూర్పు తెలిసిన నమూనాలతో పరికరం అంకెల్ని సరిచూడటం) మీ చేతిలో ఉండేలా వెళ్లడం ఇప్పటికి వాస్తవమైన దారి. ఇస్రో రెస్పాండ్ పథకం విద్యాసంస్థల పరిశోధనకి నిధులిస్తుంది, ఏటా కావాల్సిన అంశాల జాబితా ఇస్తుంది. ఆ జాబితాలోని అంశానికి రాయండి, మీకు నచ్చిన అంశానికి కాదు.

మీరు ఇప్పుడే మొదలుపెట్టగలిగింది, డబ్బు తక్కువ పట్టేది, అందరూ వెనక పెట్టేది కాలిబ్రేషన్. కెమ్‌క్యామ్ అరవై పైచిలుకు ప్రామాణిక రాళ్లతో మొదలైంది. ఆ కొలతలు చాలవని తేలి 2017 నాటికి నాలుగు వందలు దాటించారు. అంటే రోవర్ అంగారకుడి మీద ఉండగా భూమి మీద రాళ్లు కొడుతూనే ఉన్నారు. మనకి రాళ్లకి కొదవ లేదు. ఖమ్మం వైపు చిమల్‌పహాడ్‌లో అనార్థోసైట్ ఉంది, ఇది చంద్రుడి ఎత్తైన ప్రాంతాల రాయికి దగ్గర బంధువు. తమిళనాడు సిత్తంపూండి అనార్థోసైట్ నుంచే ఇస్రో చంద్రుడి మట్టికి నకలు చేసింది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని గ్రానైట్ అని అమ్ముతారు, నిజానికి అది పైరాక్సీన్ ఉన్న గాబ్రో తరహా రాయి. బసాల్ట్ కావాలంటే వికారాబాద్ వైపు, రాజమండ్రి దగ్గర ఉంది. ఒక్కో రాయిని పొడిచేసి, జల్లించి, సగం ఎక్స్ఆర్ఎఫ్ (ఎక్స్ కిరణాలతో కూర్పు కొలిచే) సదుపాయం ఉన్న చోట, హైదరాబాద్ ఎన్‌జీఆర్ఐ లాంటి సంస్థలో, కూర్పు తేల్చుకోండి. మిగతా సగం బిళ్లగా నొక్కి మీ లిబ్స్‌తో కొట్టండి. నొక్కిన బిళ్ల మీద, వదులు పొడి మీద, పగలగొట్టిన రాతి ముఖం మీద మూడు రకాలుగా. వదులు పొడిలో ఫలితం చెదిరిపోతుంది, చంద్రుడి మీద ఉన్నది అదే. ఇవన్నీ చిన్న వాక్యూమ్ ఛాంబర్‌లో, కనీసం మూడు ఒత్తిళ్ల దగ్గర చేయండి. ఛాంబర్‌లో పొడి ఉంచి గాలి గబగబా లాగితే పొడి ఎగిరి పంపులోకి వెళ్తుంది, వాల్వ్‌ని నిమిషాల మీద నెమ్మదిగా తెరవండి.

తర్వాత పరికరాన్ని ఎన్నిసార్లు కట్టాలో లెక్కపెట్టండి. బల్ల మీది నమూనా, ఇంజనీరింగ్ మోడల్, కఠిన పరీక్షలకి క్వాలిఫికేషన్ మోడల్, ఎగరడానికి ఫ్లైట్ మోడల్, వీలైతే స్పేర్. డబ్బు లేనప్పుడు క్వాలిఫికేషన్, ఫ్లైట్ రెంటినీ ఒకటే చేస్తారు. అది కుదురుతుంది గానీ అప్పుడు వైబ్రేషన్ టేబుల్ మీద పరికరాన్ని పూర్తి స్థాయిలో కుదపలేరు, ఎందుకంటే ఎగరాల్సింది అదే. వరుస కూడా ముఖ్యం: పని పరీక్ష, వైబ్రేషన్, మళ్లీ పని పరీక్ష, థర్మోవాక్ (శూన్యంలో వేడి, చలి పరీక్ష), మళ్లీ పని పరీక్ష, విద్యుదయస్కాంత జోక్యం, చివర మళ్లీ కాలిబ్రేషన్. వైబ్రేషన్‌లో పుట్టిన వెంట్రుకంత పగులు థర్మోవాక్‌లోనే బయటపడుతుంది, వరుస తిప్పితే అది రాకెట్ మీద బయటపడుతుంది. బరువు అంచనా మీద మొదట్లో 30 శాతం మార్జిన్ పెట్టండి. డబ్బులో కూడా నాలుగో వంతుకి తగ్గకుండా ఎవరికీ కేటాయించని నిధి ఉంచండి, దాన్ని ఎవరు, ఎప్పుడు తీయొచ్చో ముందే రాయండి. కేబుళ్లు, కనెక్టర్లు, ఉష్ణ కవచం బరువులో కలపడం చాలామంది మరిచిపోతారు.

పరీక్షలకి పెద్ద సదుపాయాలే కావాలని లేదు. హైదరాబాద్‌లో టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రం ఉంది. బెలూన్ 33 కిలోమీటర్ల ఎత్తుకి చేరితే చుట్టూ ఒత్తిడి కొన్ని మిల్లీబార్లే, అంగారకుడి ఒత్తిడికి దగ్గర. దారిలో మైనస్ 80 డిగ్రీల చలి దాటుతుంది. మీ హై వోల్టేజ్ బోర్డు నిలబడుతుందో లేదో అక్కడ తేలిపోతుంది. ఆ తర్వాతి మెట్టు పోయెమ్, అంటే పీఎస్ఎల్‌వీ నాలుగో దశని కక్ష్యలోనే ఉంచి ప్రయోగాలకి వేదికగా వాడటం. 2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్ఎల్‌వీ-సీ60లో పోయెమ్ మీద 24 పరికరాలు ఉన్నాయి, అందులో పది బయటి సంస్థలవి, విద్యాసంస్థలతో సహా. దరఖాస్తు ఇన్-స్పేస్ (బయటి సంస్థల అంతరిక్ష పనులకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ) ద్వారా. మొత్తం లిబ్స్ పంపక్కర్లేదు. లేజర్, దాని డ్రైవర్ బోర్డు, స్థిరమైన లోహపు బిళ్ల, ఒక ఫోటోడయోడ్ చాలు. కక్ష్యలో కొన్ని వారాల తర్వాత పల్స్ శక్తి ఎంత తగ్గిందో ఒక గ్రాఫ్ వస్తే, రోవర్ ఎంపిక కమిటీ ముందు ఆ ఒక్క గ్రాఫ్ బరువు వేరు.

ఇంకొక్క పద్దు. ఇంజనీరింగ్ మోడల్‌ని ప్రయోగం అయ్యాక ప్రదర్శనకి ఇచ్చేయకుండా, పనిచేసే స్థితిలో, దాన్ని నడిపే కంప్యూటర్, కేబుళ్లతో సహా ల్యాబ్‌లో ఉంచడానికి నిధి అడగండి. క్యూరియాసిటీ డ్రిల్ కొత్త పద్ధతిని ముందు భూమి మీది జంట రోవర్ మీదే పరీక్షించి, ఆ తర్వాతే ఆదేశాలు పంపారు. జట్టులో కనీసం ఇద్దరి జీతం ప్రయోగం తర్వాత కూడా కొనసాగేలా రాయండి: బోర్డులు కట్టిన ఇంజనీర్ ఒకరు, కాలిబ్రేషన్ కొలతలు తీసినవాళ్లు ఒకరు.